ఓనర్ ఆంటీ సొంత గొంతు

కెనడాలోని హామిల్టన్‌లో మేం అద్దెకున్న బేస్‌మెంట్ పైన ఇంటి ఓనర్ ఆంటీ ఒక్కతే ఉండేది. కాలేజీలు మనవాళ్లతో కిటకిటలాడుతున్న రోజులవి, గది దొరకడమే గగనం. నాకూ, నాతో చదివే వరంగల్ అమ్మాయికీ ఆవిడ ఫోన్‌లోనే సరేనంది. జర్మన్ మనిషి. ఇక్కడి స్టీల్ ఫ్యాక్టరీలో పనిచేసిన ఇటలీ ఆయన్ని పెళ్లాడి వచ్చిందట. ఆయన పోయి చాలా ఏళ్లయింది.

ఆవిడ సినిమా నటి అని తెలియడానికి మాకు రెండు నెలలు పట్టింది. ఓరోజు తన టీవీ రిమోట్ పనిచేయడం లేదని ఆవిడ పిలిస్తే పైకి వెళ్లాం. గోడ మీద గుర్రం పక్కన నిలబడ్డ బంగారు జుట్టు పిల్ల ఫోటో.

"నేనే," అంది ఆవిడ.

ఇరవై ఏళ్లకే రోమ్ వెళ్లి ముందు సినిమాలు, తర్వాత టీవీ సీరియళ్లు చేసిందట. డాక్టర్ భార్య, గూఢచారి, హీరో వదిలేసిన పిల్ల. ఎక్కువసార్లు వదిలేసిన పిల్లే.

నాకు అసలే నోరాగదు. "మీకు ఇటాలియన్ అంత బాగా వచ్చా ఆంటీ?" అన్నాను.

"అప్పట్లో ఒక్క ముక్క రాదు. షూటింగ్‌లో ఎవరి భాష వాళ్లదే. తర్వాత నాకు వేరే ఆవిడ గొంతిచ్చేది."

వరంగల్ పిల్ల పకపకా నవ్వింది. "గిదేందక్కా, మన హీరోయిన్ల లెక్కనే ఉన్నది గదా!"

ముంబై నుంచి వచ్చే మా హీరోయిన్లకీ ఇంకొకరే డబ్బింగ్ చెబుతారని ఆంటీకి వివరించాను. ఆవిడ ముఖం విప్పారింది. "అయితే నా బాధ మీకు అర్థమవుతుంది," అంది.

అన్ని సినిమాల్లోనూ ఆవిడ గొంతు ఒక్క చోట కూడా లేదు. ఇప్పుడేమో గొంతులో గడ్డ. నెలాఖరుకి ఆపరేషన్. స్వరపేటిక తీసేస్తారు, ఆ తర్వాత మాట రాదు. "ఈలోపు ఒక్క సీన్‌లోనైనా నా గొంతు వినాలి," అంది. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు కూడా.

ఆదివారం మధ్యాహ్నం లాప్‌టాప్‌లో ఆవిడకిష్టమైన సీన్ పెట్టి సౌండ్ తీసేశాను. రైల్వే స్టేషన్‌లో హీరోకి వీడ్కోలు. ఫోన్‌లో రికార్డింగ్ మొదలుపెట్టాను. ఆవిడ డైలాగ్ ఇటాలియన్‌లో చెప్పింది. పెదాలకి కలవలేదు. జర్మన్‌లో చెప్పింది. అదీ కలవలేదు. నాలుగుసార్లయ్యాక స్క్రీన్ దగ్గరికి వంగి చూసి నాలుక కరుచుకుంది.

"ఆరోజు డైలాగ్ పేపర్ రాలేదు. అంకెలు లెక్కపెట్టు, ఏడుపు మాత్రం ముఖంలో చూపించు అన్నాడు డైరెక్టర్. అక్కడ నేను చెబుతున్నవి అంకెలే!"

అంత పెద్ద ఏడుపు సీన్‌లో ఆవిడ జర్మన్‌లో ఒకటి నుంచి ఇరవై ఒకటి దాకా చెప్పిందన్నమాట. ముగ్గురం పొట్ట పట్టుకుని నవ్వాం. నవ్వులయ్యాక ఆవిడ కళ్లు తుడుచుకుని, మళ్లీ మొదటినుంచి పెట్టమంది.

ఈసారి అంకెలే చెప్పింది, నేను వేళ్లమీద లెక్కపెట్టుకున్నాను. పెదాలతో చక్కగా కలిశాయి. పదకొండు దగ్గర గొంతు వణికింది. పదిహేడు దగ్గర ఆగిపోయింది. తెరమీద పిల్ల కూడా అక్కడే ఆగి, కన్నీళ్లు మింగి, మళ్లీ అందుకుంది. ఏ లెక్కల పరీక్షా నన్ను అంతలా ఏడిపించలేదు.

ఆపరేషన్ జరిగిన నెలకి, ఒక సాయంత్రం చారు కాచి పైకి పట్టుకెళ్లాను. ఆంటీ మెడకి స్కార్ఫ్ కట్టుకుని కుర్చీలో కూర్చుంది. ఫోన్ తీసి ఆ రికార్డింగ్ వినిపించబోతే వద్దన్నట్టు నా చెయ్యి పట్టుకుంది. నన్నే చూస్తూ పెదాలు కదపడం మొదలుపెట్టింది. శబ్దం లేదు. మూడో కదలికకి నాకు అర్థమైంది, అది ఆ సీనే.

నాకు జర్మన్ రాదు. గొంతు సవరించుకుని, నాకొచ్చిన భాషలోనే అందుకున్నాను. "ఒకటి... రెండు... మూడు..."

ఆవిడ పెదాలకి నా తెలుగు ఎక్కడా కలవలేదు. పదిహేడు దగ్గర మాత్రం ఇద్దరం ఒకేసారి ఆగాం.