లాకు దగ్గర మోకు పట్టుకున్నది నేను

నా పేరు నూకరత్నం. వయసు డెబ్బై దాటింది. ఉండేది లీడ్స్‌లో, కొడుకు శ్రీను, కోడలు లత, మనవరాలు దివ్యతో. నాకు అక్షరం ముక్క రాదు. నేను చెబుతుంటే లత మన ఆన్‌లైన్ గుంపులో పెట్టడానికి టైపు చేస్తోంది. ఒక్క మాట కూడా మెత్తబరచొద్దని ముందే చెప్పాను.

మా చిన్నప్పుడు... మా ఇల్లు నీళ్ళ మీద ఉండేది. నాన్న కాలువ పడవకు సరంగు. ధవళేశ్వరంలో ఇటుకలు ఎత్తుకుని కాకినాడ దాకా వెళ్ళేవాళ్ళం. అమ్మ పొయ్యి కూడా పడవలోనే. నేనూ, చెల్లెలు సత్యవతీ ఇటుకల మీద గోనెపట్టా పరుచుకుని పడుకునేవాళ్ళం... తెల్లారేసరికి ఒళ్ళంతా ఎర్రటి పొడి.

దారిలో కాలువ పల్లానికి దిగే చోటల్లా, ముందూ వెనకా తలుపులున్న లాకులు వచ్చేవి. పడవ లోపలికి వెళ్ళాక వెనక తలుపులు మూసి, నీళ్ళు దించేవారు. నీళ్ళతో పాటు పడవా దిగాలి. అప్పుడు మోకు, అంటే లావుపాటి తాడు, పట్టుకుని గట్టు మీదికి దూకేది నేను. గుంజకు ఒక్క చుట్టు తిప్పి, నీళ్ళు దిగినకొద్దీ వదులుతూ ఉండాలి. ముడి మాత్రం వెయ్యకూడదు. వేస్తే పడవ ముక్కు పైన వేలాడుతుంది, తోక కిందికి పోతుంది.

ఒకరోజు సత్యవతి నా వెనకే దూకింది. ఆరేళ్ళది. నేను మోకు వదులుతుంటే, అది వెనక కూర్చుని కొసను గుంజకు గట్టిగా ముడేసింది... నాకు సాయం చేస్తున్నాననుకుంది పాపం.

పడవ ముక్కు పైకి లేచింది. ఇటుకలు దొర్లాయి. అంబలి కుండ పగిలింది. అమ్మ చేపలు కోస్తున్న కత్తిపీటను అలాగే పైకి అందించింది. మోకు కోసేశాను. తెగిన తాడు నా కుడి బొటనవేలిని చీల్చుకుంటూ పోయింది.

నాన్న గట్టెక్కి ముడి ఎవరు వేశారని అడిగాడు. సత్యవతి నా పరికిణీ వెనక దాక్కుంది. నేనేనన్నాను. ఆ దెబ్బలు నేనే తిన్నాను...

ఇప్పుడు ఆ సత్యవతి వెంబ్లీలో కొడుకు ప్రసాద్ దగ్గర ఉంటుంది. పోయిన చలికాలం ప్రసాద్ ఒక మాటన్నాడు. వేసవి సెలవుల్లో హాలండ్‌లో పడవ అద్దెకు తీసుకుని, కాలువల మీదుగా బెల్జియంలోకి దిగి, గెంట్, బ్రూజెస్ దాటి, ఓస్టెండ్‌లో సముద్రం చూసి వద్దామని. "పెద్దమ్మా, నువ్వూ రావాలి" అన్నాడు. నాకు ఆ వారమంతా నిద్ర పట్టలేదు.

వెంబ్లీ వెళ్ళినప్పుడల్లా కార్పెట్ మీద మ్యాపు పరిచేవాళ్ళం. చదవడం రాకపోతేనేం... నీలం గీత మీద వేలు పెట్టి వెళ్ళడం వచ్చు. ఇక్కడ లాకు ఉందా, అక్కడ ఉందా అని అడిగేదాన్ని. లాకు మాట వచ్చినప్పుడల్లా సత్యవతి టీ పెడతానని లేచిపోయేది. అప్పుడు నాకు తట్టలేదు. మా కథ పిల్లలకు మొదటి లాకు దగ్గరే చెబుదామని నేను దాచుకున్నాను.

సున్నుండలు చుట్టాను. కందిపొడి కొట్టాను. డబ్బాలన్నీ ముందే వెంబ్లీ చేరాయి. తడిలో జారని బూట్లు శ్రీను చేత కొనిపించుకుని, వంటింట్లో వేసుకుని తిరిగాను.

ఇంక వారంలో ప్రయాణమనగా ప్రసాద్ మా శ్రీనుకి ఫోన్ చేశాడు. పెద్దమ్మకి నీళ్ళంటే చిన్నప్పటినుంచీ భయమని అమ్మ ఇప్పుడే చెప్పింది, పాపం మొహమాటపడి ఒప్పుకున్నట్టుంది, ఇబ్బంది పెట్టొద్దన్నాడు. పడవలో నా పడక తన అత్తగారికి ఇచ్చేశాడట.

దివ్య నా మొహం చూసి, "బట్ యూ లవ్ వాటర్, నానమ్మా" అంది.

సత్యవతికి ఫోన్ చేశాను. ఎందుకలా చెప్పావని నిలదీశాను. అప్పుడు అంది...

"పిల్లలకి ఎప్పుడో చెప్పేశానే అక్కా, మోకు పట్టుకుంది నేనేనని, పడవని కాపాడింది నేనేనని. ఆళ్ళు ఊరంతా చెప్పుకున్నారు. నువ్వొచ్చి లాకు కాడ నోరిప్పితే నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"నీ మొహం నీ దగ్గరే ఉంచుకో. నా మోకు నాకిచ్చెయ్" అన్నాను. ఫోన్ పెట్టేసింది.

వాళ్ళు వెళ్ళారు. నా సున్నుండలూ వెళ్ళాయి. నా బూట్లు మాత్రం పెట్టెలోనే ఉన్నాయి.

మొన్న ఈ గుంపులోనే చెల్లెలి మనవడు ఫొటో పెట్టాడు. మీలో చాలామంది మెచ్చుకున్నారట కూడా. నారింజ రంగు జాకెట్టు వేసుకుని, బెల్జియం లాకు దగ్గర, చేతిలో తాడుతో సత్యవతి. కింద రాసింది లత చదివి వినిపించింది. కత్తిపీట ఉంది. పగిలిన కుండ ఉంది. నాన్న ఉన్నాడు, అమ్మ ఉంది... నేను లేను. అక్క అన్న మాటే లేదు.

ఆ ఫొటో మళ్ళీ చూడండి. గుంజ దగ్గర చూడండి. ముడేసి ఉంది. ఇప్పటికీ దానికి ముడి వెయ్యడమే వచ్చు. నేను పక్కన ఉంటే విప్పేదాన్ని...

మా చిన్నప్పటి కాలువల్లో ఇప్పుడు పడవలు లేవు. ఇటుకలు లారీల్లో పోతున్నాయి. నాన్న పడవ చెక్కలు ఎవరి పొయ్యిలోకి పోయాయో. అమ్మా నాన్నా లేరు. మిగిలింది ఆ జ్ఞాపకం ఒక్కటే... అందులోంచి కూడా నన్ను గట్టు మీద దింపేసి వెళ్ళిపోయారు.

మీకూ ఇలాంటి రోజులు ఉండే ఉంటాయి. చెప్పండి, లత చదువుతుంది, నేను వింటాను. కానీ ఆ రోజు మీ పక్కన ఎవరున్నారో వాళ్ళ పేరు కూడా చెప్పండి.

కింద పెట్టింది నా కుడి బొటనవేలి ముద్ర. అడ్డంగా ఉన్న గీత పుట్టుకతో వచ్చింది కాదు... మోకు గీసింది.

నూకరత్నం నిశాని.

సాక్షులు: కోడలు లత, మనవరాలు దివ్య.

ఆ రోజు లాకు దగ్గర ఉన్న సాక్షి: చెల్లెలు సత్యవతి. ఆవిడ చోటు ఖాళీగా ఉంచాను.