ఐదు గంటల లెక్క

సాయంత్రం ఐదవుతోందంటే వడ్రంగి మేస్త్రీ గుండెల్లో రాయి పడుతుంది. పనిముట్లు లెక్కపెట్టుకునే వేళ అది. ఒకటికి రెండుసార్లు లెక్కపెడతాడని తోటివాళ్ళు 'లెక్కల మేస్త్రీ' అని ఏడిపిస్తారు. ఏడిపించనీ, వాళ్ళకేం తెలుసు పాపం.

దొంగతనాలకు రెండుసార్లు జైలుకెళ్ళాడు. బయటికొచ్చిన ప్రతిసారీ ఏడాది తిరక్కుండానే మళ్ళీ లోపల. చేతిలో పనిలేని దొంగను ఎవడు గడప తొక్కనిస్తాడు? మూడోసారి వెళ్ళినప్పుడు అక్కడే వడ్రంగం నేర్పారు. గోడకున్న చెక్కమీద ఒక్కో పనిముట్టు తగిలించే చోట దాని ఆకారం గీసి ఉండేది. సాయంత్రం ఒక్క ఆకారం ఖాళీగా కనిపించినా అందరూ గోడవైపు తిరిగి చేతులెత్తాల్సిందే, ఒళ్ళంతా తడిమి చూసేవారు. మూడేళ్ళు అలాగే గడిచాయి. విడుదలై నాలుగేళ్ళయింది, మళ్ళీ ఆ దారి తొక్కలేదు. కానీ తన సంగతి బయట ఎవరికీ చెప్పలేదు. తెలిస్తే పని పోతుంది. పని పోతే తనెక్కడ తేలతాడో తనకే తెలుసు.

ఆ రోజు టైలరమ్మ ఇంట్లో బట్టల అరలు బిగిస్తున్నాడు. ఐదయింది. సంచిలో సన్న ఉలి లేదు. సంచి బోర్లించాడు, రంపపు పొట్టంతా కెలికాడు.

"ఏం వెతుకుతున్నారు మేస్త్రీ?" అంది వెనకనుంచి టైలరమ్మ.

ఆలోచించేలోపే ఒళ్ళు తన పని తాను చేసేసింది. గోడవైపు తిరిగి, కాళ్ళు ఎడంగా పెట్టి, రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు.

తెలివొచ్చి చేతులు దించేసరికి ఆవిడ గుమ్మంలో బిగుసుకుపోయి చూస్తోంది.

"ఎన్నేళ్ళు?" అంది.

"మూడుసార్లూ కలిపి ఏడమ్మా. సామాను సర్దుకుంటాను." నాలుగేళ్ళ కష్టం బూడిదలో పోసిన పన్నీరయిందని ఏడుపొచ్చింది.

ఆవిడ లోపలికెళ్ళింది. పోలీసులకు ఫోను చెయ్యడానికే అనుకున్నాడు. వీధి తలుపు తెరిచే ఉంది, పొమ్మంటోంది మనసు. కానీ ఉలి దొరక్కుండా అడుగు పడితేనా!

ఆవిడ తిరిగొచ్చింది. చేతిలో ఉలి. పదునువైపు తను పట్టుకుని పిడి అతనివైపు చాచింది.

"డబ్బా మూత రాకపోతే మధ్యాహ్నం నేనే తీశాను. నా కత్తెర ఎవరైనా ముట్టుకుంటే ఊరుకోను, మీ ఉలి మాత్రం అడక్కుండా తీసుకున్నాను. రేపు తొమ్మిదింటికి రండి. పై అర మిగిలిపోయింది కదా," అంది.

ఉలి తీసుకుని సంచిలో పెట్టుకున్నాడు. తర్వాత ఆవిడ ముందే, మొదటినుంచీ, పైకే మళ్ళీ లెక్కపెట్టాడు.