నేను సగమే రాసిన పాఠం: కుంట నుంచి భేజ్జి దారిలో

ఏప్రిల్ చివర్లో ఒక సాయంత్రం నాకు తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. చేసినావిడ పేరు కోసి. బస్తర్‌లో కుంట దాటాక భేజ్జి వెళ్లే దారిలో ఉన్న ఒక చిన్న దోర్ల గిరిజనుల పల్లె ఆమెది. నేను గోదావరి ఒడ్డున ఒక బైబిలు పాఠశాలలో పద్దెనిమిదేళ్లుగా ఒకే విషయం బోధిస్తున్నాను: దేవుడు మనుషుల్ని ఎందుకు పంపుతాడు, పంపినవాళ్లను ఎలా వెళ్లమంటాడు అని. నా దగ్గర చదువుకున్న ఒకతను మూడేళ్ల కిందట ఆ పల్లెలో మూడు నెలలుండి నా నోట్సే చదివి వినిపించాడట. "టీచరమ్మా, నీ కాగితంల ఒక మాట ఉంది. నమ్మనోళ్ల ఇంట్ల తినొద్దని. అది దేవుని మాటనా, నీ మాటనా? నువ్వే వచ్చి చెప్పు," అంది కోసి.

ఆ రాత్రే పాత నోట్సు తీసి చూశాను. కొరింథులో ఉన్నవాళ్లకు పౌలు రెండు సంగతులు రాశాడు. నమ్మనివాళ్లు భోజనానికి పిలిస్తే వెళ్లి, పెట్టినది ఆరా తీయకుండా తినమన్నాడు. ఇది విగ్రహానికి బలి ఇచ్చినది అని ఎవరైనా చెబితే మాత్రం మానుకోమన్నాడు. నా నోట్సులో మొదటి సంగతి లేనే లేదు. రెండోదాన్ని ఇంకా బిగించి, నమ్మనివాళ్ల ఇళ్లలో విశ్వాసి భోజనానికి కూర్చోరాదని రాశాను. అది రాసినప్పుడు నా వయసు ముప్పై రెండు. బస్తర్ ఎక్కడుందో కూడా సరిగ్గా తెలియదు. ఫోన్‌లో చెప్పి ఊరుకునే విషయం కాదని మే మొదటి వారంలో బయలుదేరాను.

భద్రాచలంలో ఉదయం ఆరింటికి బస్సు ఎక్కితే చింతూరు మీదుగా కుంట చేరేసరికి తొమ్మిదైంది. టికెట్టు రెండు వందల లోపే. కుంట బజారులో తెలుగు వ్యాపారుల దుకాణాలు వరుసగా ఉన్నాయి. ఒక హోటల్లో ఇడ్లీ తిని, యాభై రూపాయలకు షేర్ జీపులో చోటు సంపాదించాను. రోడ్డు ఇప్పుడు బాగుంది. దారిలో పోలీసు క్యాంపు దగ్గర ఆపి ఆధార్ కార్డు చూసి పంపించారు.

"ఏంది మేడం, మీటింగా?" అని అడిగాడు డ్రైవరు.

"కాదు. ఒక పాఠం దిద్దాలి."

"ఇప్పుడు ఎవ్వరూ దొరకరు. తునికాకు సీజన్. పొద్దుగాల్నే అందరూ జంగిల్‌కు పోతరు. పన్నెండు దాటినంకనే ఇంటికొస్తరు."

అతను చెప్పినట్టే, పదిన్నరకు నేను దిగినప్పుడు పల్లెలో ముసలివాళ్లు, కోళ్లు తప్ప ఎవరూ లేరు. కోసి ఇంటి పంచలో కూర్చున్నాను. పన్నెండు దాటాక నెత్తిన బీడీ ఆకుల మూటతో ఆమె వచ్చింది. నలభై ఐదేళ్లుంటాయి. సన్నగా, నిటారుగా ఉంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. మూట దించి, నీళ్లిచ్చి, ఎదురుగా కూర్చుని ఆకులు కట్టలు కట్టడం మొదలుపెట్టింది. యాభై ఆకులకు ఒక కట్ట. నేనూ చేయి కలిపాను. నేను కట్టిన మొదటి కట్టను విప్పి, మళ్లీ కట్టింది.

అప్పుడు చెప్పింది. ఆమె అన్న భీమయ్య ఆ ఊరి పూజారి. తల్లి చిన్నప్పుడే పోతే కోసిని పెంచింది వదిన. కోసి, ఇంకో ఏడు కుటుంబాలు ప్రార్థన మొదలుపెట్టినప్పుడు కూడా అన్న కోపగించుకోలేదు. రెండేళ్ల కిందట వదిన పోయింది. దినం భోజనాలకు అన్న కబురు పెట్టాడు. కోసి వెళ్లింది కానీ వాకిలి దగ్గరే నిలబడిపోయింది.

"ఆకు ఏసిండ్రు. కూర్చోమన్నరు. నేను కూర్చోలే," అంది, చేతిలోని కట్టవైపే చూస్తూ. "నీ కాగితంల రాసి ఉంది గదా. మా అన్న ఏమనలే. ఆకు తీసి మడిచి పక్కన పెట్టిండు. ఆరోజు నుంచి మాట్లాడడు."

పద్దెనిమిదేళ్లలో ఆ వాక్యాన్ని ఎన్ని తరగతులకు చెప్పి రాయించానో గుర్తుకొచ్చింది. పరీక్షలో అది రాసినవాళ్లకు మార్కులు కూడా వేశాను.

రెండింటికి ప్రార్థన పాకలో ఎనిమిది ఇళ్లవాళ్లూ కూర్చున్నారు. నేను తెచ్చుకున్న పాఠం పక్కన పెట్టి ముందు నా తప్పు ఒప్పుకున్నాను. తర్వాత మొదటి నుంచి చెప్పాను. దేవుడు అబ్రాహామును ఇల్లు వదిలి రమ్మన్నది మిగతా వాళ్లను వదిలేయడానికి కాదు, అతని ద్వారా భూమి మీది వంశాలన్నీ దీవెన పొందడానికి. యేసు డెబ్బైమంది శిష్యుల్ని ఊళ్లకు పంపినప్పుడు సంచి, చెప్పులు కూడా లేకుండా పంపాడు. ఏ ఇంట్లోకి వెళ్లినా ముందు ఆ ఇంటికి శాంతి కలగాలని దీవించమన్నాడు, వాళ్లు పెట్టింది తినమన్నాడు. అంటే పంపబడినవాడు ఊరికి యజమానిగా వెళ్లడు, అతిథిగా వెళ్తాడు. యూదుడైన పేతురు అయితే, యూదుడు కాని కొర్నేలీ అనే సైనికాధికారి ఇంటి గడప దాటడానికే జంకాడు. అక్కడ దేవుడు ముందు దిద్దింది పేతురునే. మనం చేరకముందే దేవుడు ఆ ఇంట్లో పని మొదలుపెట్టి ఉంటాడు.

వెనక కూర్చున్న ఒక పెద్దాయన చేయెత్తాడు. "అంటే పూజకు కూడా పోవచ్చా టీచరమ్మా?"

"పోకూడదు. ఆరాధన ఒక్క దేవునికే. అందులో నేను ఒక్క అక్షరం కూడా మార్చను. కానీ అన్న ఇల్లు అన్న ఇల్లే. దాన్ని వదులుకోమని దేవుడు ఎక్కడా చెప్పలేదు. నేను చెప్పాను."

ఆయన తలూపాడు. కోసి లేచి, "నడువు మరి. మా అన్నకు గూడ ఈ మాటే చెప్పు," అంది.

నాలుగింటికి భీమయ్య ఇంటికి వెళ్లాం. ఆయన వాకిట్లో నాగలికి కొత్త కర్ర చెక్కుతున్నాడు. చెల్లెల్ని చూసి చేయి ఆపాడు, మళ్లీ చెక్కసాగాడు. నేను నమస్కారం చేసి, ఎవరినో, ఎందుకొచ్చానో చెప్పాను. మీ చెల్లెలు మిమ్మల్ని అవమానించాలని నిలబడలేదు, నేను రాసిన తప్పు మాటను నమ్మి నిలబడింది, ఆ నేరం నాది అన్నాను.

ఆయన కర్రను తిప్పి రెండోవైపు చెక్కాడు. "నీ దేవుడు నిన్ను ఈ ఊరికి పంపిండా?" అని అడిగాడు.

"పంపాడు."

"ఎందుకు?"

"ఇవాళైతే, మీ దగ్గర క్షమాపణ అడగడానికి."

ఆయన ఉలి కింద పెట్టాడు. "మంచోడే, తప్పు ఒప్పుకోమని పంపేటోడు. మాకాడికి వచ్చేటోళ్లందరూ మా తప్పులు చెప్పనీకే వస్తరు." లోపలికి కేకేసి కూతురితో జావ తెప్పించాడు. మూడు ఆకు డొప్పలు మా ముందు పెట్టించి, చెల్లెలివైపు చూడకుండానే అన్నాడు: "ఇది ఏ దేవునికీ పెట్టింది కాదు. పొద్దుగాల మా బిడ్డ కాచింది. అంతే."

ఆ మాట ఆయన చెప్పనక్కర్లేదు. ఆమె కోసం చెప్పాడు. కోసి డొప్ప అందుకుని తాగింది. సగంలో ఆగి, కొంగుతో ముఖం తుడుచుకుని, "అన్నా, వదిన దినం నాడు నేను తినకుండ పోయిన. అది నా తప్పే," అంది.

"పూజకు నిన్ను పిలవ," అన్నాడు భీమయ్య. "నువ్వు రావు, నాకు తెలుసు. కూటికి పిలుస్త. ఇల్లు కప్పేటప్పుడు పిలుస్త. ఆటికి రావాలె."

"వస్త."

ఆ రాత్రి కోసి ఇంట్లోనే పడుకుని, మర్నాడు ఏడింటి జీపులో కుంట తిరిగొచ్చాను. భీమయ్య ప్రార్థనకు రాలేదు. వస్తానని అనలేదు, నేనూ అడగలేదు. ఇలాంటి ప్రయాణం గురించి రాసేవాళ్లు సాధారణంగా ఎంతమంది నమ్మారో చెబుతారు. నేను చెప్పగలిగేది ఒక అన్న, ఒక చెల్లెలు రెండేళ్ల తర్వాత మాట్లాడుకున్నారని. సువార్త అన్నదానికి ఇది తక్కువ ఫలితమని నాకు అనిపించడం లేదు. దేవుడు పంపుతాడన్న నమ్మకం నాలో ఇప్పుడు ఇంకా గట్టిపడింది. పంపేది ఆయన కాబట్టి, అక్కడి మనుషుల్ని విడదీసి నా పని నిరూపించుకోవాల్సిన అవసరం నాకు లేదు. జూన్‌లో కొత్త తరగతికి ఆ పాఠం రెండు సగాలతో చెప్పాను. పాత విద్యార్థుల్లో చిరునామా దొరికిన ప్రతి ఒక్కరికీ ఉత్తరం రాశాను.

ఈ దారిలో వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క సూచన. కుంట నుంచి జీపు ఎక్కేముందే ఊరి పెద్దకు కబురు పంపి, మీరెవరో, ఎందుకు వస్తున్నారో దాచకుండా చెప్పండి. నేను సర్పంచికి ముందే ఫోన్ చేశాను. రమ్మంటే వెళ్లండి. వద్దంటే కుంటలోనే ఆగిపోండి. వద్దన్న ఇంటి తలుపు నెట్టుకుని వెళ్లమని దేవుడు ఎవరినీ పంపలేదు.