బైటూలో రెండో గ్లాసు

బీదర్ బస్సు పంచరై జహీరాబాద్ రోడ్డు మీద ఆగిపోయింది. పక్క హోటల్లోకి నడిచిన చెన్నబసప్పకు, రెండేళ్లుగా మాటల్లేని అన్న గురులింగప్ప కనిపించాడు. ఊరంతా చాయ్ తాగే చోట కూడా ఆయనది బెల్లం కాఫీ, అదీ బైటూనే, ఒక్క కాఫీ రెండు గ్లాసుల్లో. ఒక గ్లాసు ఊదుకుంటూ తాగుతాడు, రెండోది పక్కనెవరుంటే వాళ్లకు జరుపుతాడు. ఇవాళ జరపలేదు. అన్న చేలోంచి నీళ్లు వదిలితేనే తమ్ముడి చెరుకు బతుకుతుంది. పగ ఉన్నవాళ్ల చేతి నీళ్లయినా వీళ్లింట్లో ముట్టరు. ముట్టారంటే పగ తీరినట్టే. చెన్నబసప్ప చెయ్యి చాపి, ఆ రెండో గ్లాసు తీసుకుని తాగేశాడు. అన్న మీసం అదిరింది.

“బెల్లం సరిపోయిందా?”

“జర తక్కువైందన్నా.”

“నీకెప్పుడూ తక్కువే. పొద్దుగాల పార తెచ్చుకో, గట్టు తెంపి నీళ్లు మలుపుకో.”

కండువా దులుపుకుని, పోతానని కూడా అనకుండా, గురులింగప్ప ఎండలోకి నడిచిపోయాడు.