వెర్ల్ ఆల్రెడ్ ఎడమ కాలు

వెన్నుకి ఆపరేషన్ అయ్యాక వెర్ల్ ఆల్రెడ్ ఎడమ పాదంలో స్పర్శ పోయింది. నడక మాత్రం పోలేదు. బూటు లోపల ప్లాస్టిక్ పట్టీ బిగించుకుంటే, తెలియనివాళ్ళు కుంటుతున్నాడని కూడా అనుకోరు. కాని ఆ పాదం కింద గులకరాయి ఉందో, చాప ఉందో, క్లచ్ పెడల్ ఉందో కళ్ళతో చూసుకుంటే తప్ప అతనికి తెలిసేది కాదు. సంగతి డాక్టరుకి పూర్తిగా తెలుసు. భార్య నెడ్రాకి సగం తెలుసు. కార్వర్ ఊళ్ళో ఇంకెవరికీ అతను చెప్పలేదు.

చెప్తే జీపు తోలనివ్వరని భయం. ఉటాలో ఆ మూల ఉన్నదంతా ఎర్రరాతి లోయలే. వారాంతం వచ్చిందంటే ఎక్కడెక్కడి బళ్ళో వచ్చి ఆ రాళ్ళ మధ్య ఇరుక్కుంటాయి. వాళ్ళని బయటికి లాగడానికి షెరీఫ్ ఆఫీసు నుంచి మొదటి ఫోన్ వెర్ల్‌కే వచ్చేది. ఇరవై ఏడేళ్ళుగా అదే వరస. స్కూలు బస్సులు బాగుచేసే ఉద్యోగం నుంచి రిటైరైనా, ఈ పైసా రాని పని నుంచి మాత్రం రిటైరు కాలేదు. రెండో కూతురు పుట్టిన ఏడు కొన్న ఆ ఆకుపచ్చ జీపుకి పైన రేకు తప్ప, కింద ఉన్నదంతా అతను తన చేతులతో మార్చిందే.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం అలాగే ఫోన్ వచ్చింది. ఒహాయో నుంచి వచ్చిన ఒకావిడ రాయి మీద జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. వెర్ల్ ఆమెని తన జీపులో ముందు సీట్లో కూర్చోబెట్టుకున్నాడు. ఆమె భర్తని ఎక్కించుకుని స్నేహితుడు క్లెల్ తన బండిలో వెనక వస్తున్నాడు. తిరిగి వచ్చే దారిలో ఏడుపు మెట్టు అని ఒకటుంది. నడుమెత్తు బండ, దాని పక్కనే లోయ. వెర్ల్ దాని మీదికి ముందు చక్రాలు ఎక్కించాడు. ఎడమ కాలు పైకెత్తాననుకున్నాడు. అది లేవలేదు, క్లచ్ మీదే ఉండిపోయింది. ఇంజను గొంతు చించుకుంటోంది, జీపు మాత్రం వెనక్కి దొర్లుతోంది. అతను చేతి బ్రేకు లాగేసరికి వెనక చక్రం ఒక రాయికి తగిలి ఆగింది. ఆ రాయి తర్వాత గజం నేల కూడా లేదు.

"ఇలాగే ఎక్కుతారా మీరు?" అని అడిగింది ఆవిడ అమాయకంగా.

"అవునమ్మా. కాస్త వెనక్కి జరిగి ఊపు తీసుకోవాలి," అన్నాడు వెర్ల్.

రెండోసారి కాలి వంక చూసుకుంటూ ఎక్కించాడు. ఆవిడ ఆస్పత్రి దగ్గర దిగి, ఎడమ చేత్తోనే అతని చెయ్యి పట్టుకుని, దేవుడిలా వచ్చారంది. ఆ మాటకి అతను తల ఎత్తలేకపోయాడు.

మర్నాడు క్లెల్ తన షెడ్డుకి రమ్మన్నాడు. వెల్డింగు పని చేసే మనిషి క్లెల్. ఇద్దరూ ఒకే బడిలో చదివారు.

"నిన్న ఏం జరిగిందో నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

వెర్ల్ బూటు విప్పి, పట్టీ తీసి పాదం చూపించాడు. క్లెల్ ఒక మేకు తెచ్చి బొటనవేలి మీద గుచ్చాడు. వెర్ల్ కదల్లేదు.

"ఎన్నాళ్ళయిందిరా?"

"ఏడాది దాటింది."

"ఏడాదా. ఆ మధ్య నన్ను కూడా ఎక్కించుకుని తిప్పావు కదరా దాంట్లో." క్లెల్ మేకు విసిరేశాడు. "చూడు, రెండే దారులున్నాయి. గేరు పెట్టె పీకేసి ఆటోమేటిక్ వేద్దాం, క్లచ్ గొడవే ఉండదు. లేదా దీన్ని షోరూములో ఇచ్చేసి కొత్తది తెచ్చుకో. ఏదో ఒకటి అయ్యేదాకా నీ బండిలో ఎవర్నీ ఎక్కనివ్వను. కోపం వస్తే రానీ."

వెర్ల్‌కి కోపం రాలేదు. వస్తే బాగుండుననిపించింది.

పాత జీపుకి కొత్త గేరు పెట్టె వెయ్యడమంటే దానితో పాటు సగం బండి మార్చాలి. అరవై మూడేళ్ళ వయసులో మళ్ళీ జీపు కింద పడుకునే ఓపిక తనకుందా అన్నది అతని సందేహం. చివరికి మేలో ఒక శనివారం నెడ్రాని వెంటబెట్టుకుని గ్రాండ్ జంక్షన్ పట్నంలో ఒక షోరూముకి వెళ్ళాడు. వాళ్ళ కారు నెడ్రా తోలింది, షోరూములో చూపించాల్సిన జీపుని క్లెల్ ట్రాలీ మీద వేసుకుని వాళ్ళ ముందు వెళ్ళాడు.

షోరూము కుర్రాడు మర్యాదస్తుడే. పలక మీద కాగితం పెట్టుకుని జీపు చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"ఈ ఇరుసులు కంపెనీవి కావు కదా సార్?"

"కావు. నేనే వేశాను."

"ఈ బంపరు?"

"అదీ నేనే చేశాను. మూడు టన్నుల బండిని లాగినా వంగలేదు."

"చాలా బాగా చేశారు సార్. కాని మా లెక్కలో వీటికి విలువ ఉండదు. ఏమీ మార్చకుండా ఉంచితే ఇంకాస్త ఎక్కువ వచ్చేది."

వెర్ల్ బుర్ర ఊపాడు. ఆ కుర్రాడి మీద తప్పు పట్టడానికి ఏమీ లేదు. కొత్త బండి తోలి చూసినప్పుడు అంతకన్నా ఎక్కువ బాధ కలిగింది, ఎందుకంటే అది నిజంగా బాగుంది. చల్లగా, చప్పుడు లేకుండా, ముందు చక్రం కింద రాయిని కూడా తెర మీద చూపిస్తూ వెన్నలా నడిచింది. ఆలోచించుకుని చెప్తానని వచ్చేశాడు.

ఇంటిదారిలో నెడ్రా కారు తోలుతుంటే పక్కన కూర్చుని అడిగాడు. "నీకేమనిపించింది?"

"ముప్ఫై ఏళ్ళలో జీపు గురించి నన్నొక మాట అడగడం ఇదే మొదలు," అంది నెడ్రా. "కొత్తదాంట్లో సీటు బాగుంది. నీ పాతదాంట్లో కూర్చుంటే రెండు రోజులు నడుం పట్టేస్తుంది. అయినా నువ్వడిగేది సీటు గురించి కాదు. ఇంత ఉన్నట్టుండి ఎందుకు మార్చాలనుకుంటున్నావో అది చెప్పు ముందు."

అతను చెప్పాడు. ఏడుపు మెట్టు, వెనక్కి దొర్లడం, ఆ గజం నేల, ఆవిడతో ఆడిన అబద్ధం, అన్నీ. నెడ్రా రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. ఆమె దవడ బిగుసుకుని ఉండటం అతనికి పక్కనుంచి కనిపిస్తూనే ఉంది.

"ఆమెకి పిల్లలున్నారా?" అని అడిగింది చివరికి.

"ఇద్దరన్నారు."

మళ్ళీ కొంతదూరం పోయాక, "ఆటోమేటిక్ వేస్తే దాన్ని నేను తోలగలనా?" అంది.

వెర్ల్‌కి వెంటనే అర్థం కాలేదు.

"రేపు నీ కుడి కాలు కూడా మొండికేస్తే? ఇద్దరికీ వచ్చి ఉండాలి. నేర్చుకునేదైతే నేను పాతదాని మీదే నేర్చుకుంటాను. కొత్తదాన్ని రాయికి రాశాననుకో, నువ్వు వారం రోజులు అన్నం మానేసి కూర్చుంటావు."

అతనికి నవ్వొచ్చింది. ఏప్రిల్ తర్వాత నవ్వడం అదే మొదలు.

ఆ వేసవంతా జీపు క్లెల్ షెడ్డులోనే ఉంది. కింద పడుకునే పని క్లెల్ చేశాడు, వెర్ల్ స్టూలు మీద కూర్చుని పనిముట్లు అందిస్తూ అది తప్పు, ఇది తప్పు అని ప్రాణం తీశాడు. పాడైపోయిన ట్రక్కు నుంచి తెచ్చిన గేరు పెట్టె వేశారు. క్లచ్ పెడల్ కోసి తీసేసి, ఆ కంతకి రేకు వేసి అతికారు. ఇంకాస్త పెద్ద టైర్లు కూడా వేద్దామని వెర్ల్ ముచ్చటపడ్డాడు గాని, "ఎక్కడానికి నాకు నిచ్చెన కూడా కొంటావా?" అని నెడ్రా ఒక్క మాటతో తేల్చేసింది. దానికి బదులు రెండు మంచి సీట్లు వచ్చాయి.

పని ముగియకముందే వెర్ల్ ఇంకో పని చేశాడు. జూలైలో, లోయల్లో చిక్కుకున్నవాళ్ళని బయటికి తెచ్చే రక్షణ దళం సమావేశంలో లేచి నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాడు. గదిలో పదకొండు మంది ఉన్నారు. దళం నాయకురాలు టావ్నీ, "ముందే చెప్పాల్సింది, బ్రదర్ ఆల్రెడ్," అంది, చర్చిలో పిలుచుకున్నట్టే. అంతకన్నా ఏమీ అనలేదు. అతనికి అది చాలినంత గట్టిగానే తగిలింది. ఆమె జాబితాలో అతని పేరు కొట్టెయ్యకుండా, పక్కన నెడ్రా పేరు కూడా రాసి, ఆమెకి పరీక్ష పెట్టి చూశాకే పంపుతానంది.

నేర్పడం సులువుగా జరగలేదు. ఎండిన వాగులో మొదటి రోజు వెర్ల్ పక్కన కూర్చుని, "ఎడమకి, ఎడమకి అంటే కుడికి తిప్పుతావేం," అని కేకలేస్తే నెడ్రా ఇంజను ఆపేసి తాళం చెవి అతని ఒళ్ళో పడేసింది.

"ఇంకోసారి అరిచావంటే నడిచి ఇంటికి పోతాను. రెండు మైళ్ళేగా."

దాంతో అతను దిగి, ముందు నడుస్తూ చేతులతో సైగలు చెయ్యడం మొదలెట్టాడు. ఆశ్చర్యమేమిటంటే అలా అయితే ఆమె వెంట్రుకవాసి తప్పలేదు. చర్చిలో పందొమ్మిదేళ్ళు ఆర్గన్ వాయించిన మనిషి. ఎదుట పాట నడిపించేవాళ్ళ చెయ్యి ఎలా ఊగితే అలా పోవడం ఆమెకి కొత్త కాదు. ఆగస్టు చివరికి టావ్నీ పెట్టిన పరీక్ష నెగ్గింది.

సెప్టెంబరులో ఫోన్ వచ్చింది. ఒక ముసలాయన, ఆయన కూతురు, ఇరుసు విరిగిన బండితో ఏడుపు మెట్టు అవతల చిక్కుకున్నారు. ముసలాయనకి ఎండదెబ్బ తగిలినట్టుంది. వెర్ల్, నెడ్రా వెళ్ళి ఆయనకి నీళ్ళు పట్టి, తల తడిపి, ఇద్దర్నీ వెనక సీట్లో కూర్చోబెట్టుకుని తిరుగుముఖం పట్టారు. మెట్టు దగ్గర వెర్ల్ దిగాడు. బండ మీదికెక్కి, జీపుకి ఎదురుగా నిలబడి చేతులు ఎత్తాడు.

నెడ్రా మెల్లగా కదిలించింది. ముందు చక్రాలు బండని పట్టుకున్నాయి. ఒక ఇరుసు లేస్తూ, రెండోది దిగుతూ, ఆకుపచ్చ రేకంతా ఒక పక్కకి ఒరిగి మళ్ళీ తేరుకుంటూ, జీపు తొందర లేకుండా పైకొస్తోంది. ఇన్నేళ్ళూ అతను లోపలే కూర్చున్నాడు. తను కట్టిన బండి రాయి ఎక్కుతుంటే ఎలా ఉంటుందో బయట నిలబడి ఎప్పుడూ చూడలేదు. చూస్తూ ఉండిపోయాడు.

నెడ్రా కిటికీలోంచి తల బయటపెట్టింది.

"చేతులు దించేశావేం? ఎటు తిప్పాలో చెప్పు."