మంచు నిలవని కుప్ప

మొన్న పొద్దున్నే మనవడు మిర్యాలగూడ అవతల కొత్తగా పెట్టిన ఫ్యాక్టరీ చూపించడానికి నన్ను తీసుకెళ్లాడు. వడ్ల ఊకను కాల్చి కరెంటు తీస్తున్నారట. పారేసేదానితో దీపాలు వెలగడం ఈ కాలపు వింత అన్నట్టు చెప్పుకొచ్చాడు. నేను వింటూనే ఉన్నాను గానీ, నా కళ్లు గోడ పక్కన పోసిన బూడిద మీదే ఉన్నాయి.

ఊకతో ఇంజను నడవడం మా తరానికి కొత్త కాదు. నలభైల చివర్లో ఇక్కడి బియ్యం మిల్లులో మా మేనమామ బాయిలర్‌లోకి ఊక ఎగదోసేవాడు. మా నాన్న వైపువాళ్లు గొర్ల కాపరులు. చలికాలమంతా తాత మందను మిల్లు వెనక బీడులోనే ఆపేవాడు, ఎందుకంటే అప్పుడే పుట్టిన గొర్రెపిల్లను గోరువెచ్చని ఊక బూడిదలో దొర్లిస్తే తడి ఆరి, వణుకు తగ్గి లేచి నిలబడేది.

మామూలుగా రైతులు ఆ బూడిదను పొలాలకు తోలుకుపోయేవారు. ఒక ఏడాది ఊళ్లలో కల్లోలం, భయంతో ఎవరూ బండి కట్టలేదు. కోదాడ వైపు నుంచి కట్టె రావడమూ ఆగిపోయి, మిల్లు మొత్తం ఊక మీదే నడిచింది. బూడిద ఇంటెత్తు పెరిగింది. వాన పడి, పైన పెచ్చు కట్టింది.

ఒకనాడు తెల్లవారి తాత దాని ముందు ఆగిపోయాడు. గొర్లు కుప్పను చుట్టి పోతున్నాయి తప్ప ఒక్కటీ ఎక్కడం లేదు.

“ఏం మామా, బూడిదకు గూడ దయ్యం పట్టిందా?” అని మేనమామ నవ్వాడు.

“దయ్యం గాదు అల్లుడా. ఊరంతా మంచు కురిసింది, గా కుప్ప మీద సూడు, సుక్క నిలవలేదు. లోపల నిప్పున్నది.”

“ఈ దిక్కు పోసి నాలుగొద్దులాయె, వాన గూడ కొట్టె. ఇంకేం నిప్పు?”

“తాత గొర్లు చెప్తే ఇంటడు గని మనుషులు చెప్తే ఇనడు,” అని మా అక్క కూడా నవ్వింది.

మర్నాడు తెల్లవారుజామున ఒక గొర్రె ఈనింది. పిల్ల వణుకుతోంది. అంచున ఉండే మెత్తని బూడిద వానకు కొట్టుకుపోవడంతో, అక్క గంప పట్టుకొని కుప్ప ఎక్కింది. పెచ్చు విరిగింది. నడుము దాకా దిగిపోయింది. మేనమామ చేతులు కాలుతున్నా వదలకుండా ఆమెను పైకి లాగాడు. అన్నాళ్లుగా ఎవరూ కట్టని బండి ఆ రోజు కట్టారు. సూర్యాపేట దవాఖానకు బయలుదేరి, దారిలోని పెన్‌పహాడ్ చేరకముందే వెనక్కి తిప్పారు.

గొర్రెపిల్ల బతికింది. తాత దాన్ని అమ్మలేదు, ముద్దుచేయనూ లేదు.

ఇప్పుడు ఆ మిల్లు లేదు, బీడు లేదు, చుట్టి పోవడానికి మంద లేదు. గేటు దాటేముందు మనవణ్ణి ఆగమని, వంగి పక్కనున్న గడ్డి మీద చేయి పెట్టాను. తడిగా ఉంది. కుప్ప మాత్రం పొడిగా, తెల్లగా ఉంది. దాని మీదికి ఎవరివో అడుగుజాడలు ఎక్కి, దిగి ఉన్నాయి. మంచు నిలవలేదు, లోపల ఇంకా నిప్పుందని మనవడికి చూపించి చెప్పాను.

“అది ఎప్పుడో చల్లారింది నానమ్మా, పోసి వారమైందట,” అన్నాడు.