ముడి వేసే ముందు

మొన్న ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి వస్తుంటే బస్సులో నా పక్కనామె ఒడిలో ఒక గోనెసంచి ఉంది. అందులోంచి తడిసిన తునికాకు వాసన వచ్చింది. బీడీలు చుట్టే ఇళ్లవాళ్లకు ఆ వాసన గురించి చెప్పనక్కర్లేదు. తెలియనివాళ్లకు చెప్పాలంటే, వాన వెలిశాక గడ్డివాము అడుగున చెయ్యి పెట్టి తీస్తే చేతికి అంటుకునే వాసన. నా బొటనవేలు, చూపుడువేలు వాటంతటవే ఆకు అంచును తడిమినట్టు కదలసాగాయి. రాజవ్వ గుర్తొచ్చింది. ఆమె పోయి మూడేళ్లయింది. నా జీవితంలో ఆమెకు రుణపడినంతగా ఇంకెవరికీ రుణపడలేదు. అయినా మొదట్లో ఆమెను చూస్తే నాకు హడల్.

కామారెడ్డిలో మా అత్తగారింటికీ రాజవ్వ ఇంటికీ మధ్య ఒకటే గోడ. పెళ్లయి వచ్చిన వారంలోనే మా అత్తమ్మ భూమవ్వ నన్ను హెచ్చరించింది. "ఆమె వస్తే కాళ్లు చీరల దాసుకో. మనిషి మొఖం సూడది, కాళ్లు సూస్తది." నాకు నవ్వొచ్చింది. కానీ నిజంగానే ఆమె గల్లీలో నడిచి వస్తుంటే అరుగుల మీద కూర్చున్నవాళ్లు మాట ఆపి కాళ్లు ముడుచుకునేవారు. ఎందుకంటే, మా గల్లీలో ఎవరు చనిపోయినా కాలి బొటనవేళ్లు రెండూ కలిపి దారంతో కట్టేది ఆమే. ఎవరూ ఆ పని అప్పజెప్పలేదు. రోజంతా బీడీలకు దారం చుట్టే చెయ్యి కదా, ముడి జారదని ఎప్పుడో ఎవరో పిలిచారు, అదే అలవాటైంది. అదే బీడీ దారాన్ని నాలుగు పేటలు చేసి కట్టేది. ఇంటికొచ్చి స్నానం చేసి, మిగిలిన దారంతో మళ్లీ బీడీలు చుట్టేది.

పెళ్లయిన ఏడాదికే నా భర్త దుబాయి వెళ్లాడు. ఇంట్లో పొద్దుపోక, భయం భయంగానే ఆమె పక్కన బీడీల చాట పట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టాను. ఇంటర్ తప్పినదాన్ని. శుక్రవారం భజనలో అందరూ పాడుతుంటే చప్పట్లు కొట్టడం తప్ప ఏమీ రాదు. ఒకరోజు నోరు జారాను. "దేవుడు నాకు ఏమియ్యలేదు అవ్వా."

"రెండు చేతులియ్యలేదానె?" అంది ఆమె, ఆకు కత్తిరిస్తూ. ఆమె రోజూ చాట ఒళ్లోకి తీసుకునే ముందు గోడ మీది క్యాలెండర్ దేవుడికి రెండు అరచేతులూ చూపించేది. "ఇగో, ఇయ్యే ఉన్నయ్ స్వామీ. గీటితోనే ఏం చేయించుకుంటవో చేయించుకో." బీడీలు చుట్టే చేతులతో దేవుడికేం పని అని నేను లోలోపల అనుకునేదాన్ని. పైకి అంటే ఊరుకునే మనిషి కాదు. చుట్టడం నేర్పేటప్పుడు నా కళ్లు మూయించి ఆకు అంచు పట్టించేది. ఏ ఆకు ఎండిందో, ఏ ఆకులో ఇంకా పదును ఉందో వేళ్లతోనే చెప్పాలి. తప్పు చెబితే మొట్టికాయ పడేది. "కండ్లు మోసం చేస్తయ్ బిడ్డా. ఏళ్లకు మోసం రాదు."

ఒకసారి చావు ఇంటికి ఆమె వెంట నేనూ వెళ్లాను. శవం కుడికాలి బొటనవేలికి ఆమె దారం బిగించి చుట్టి, అక్కడే ఆగిపోయింది. రెండో వేలు ముట్టుకోలేదు. పాదాల మీదికి వంగి, పక్కింటి మనిషిని పలకరించినంత మామూలుగా, "ఉన్నవా?" అని అడిగింది. రెండు బీడీలు చుట్టేంత సేపు ఆ వేలినే చూస్తూ కూర్చుంది. తర్వాత రెండు వేళ్లూ కలిపి ముడివేసింది. తిరిగి వస్తూ అడిగాను. "ఎవరిని అడిగినవ్ అవ్వా?"

"పోయినోళ్లనే. ఏడ్సుట్ల వడి అందరు మరుస్తరు. ఎవలన్న ఒక్కలు అడగాలె గద."

"ఎన్నడన్న జవాబు వచ్చిందా?"

"రాలే. అడగకుంట కట్టద్దని అడుగుతున్న, అంతే."

ఆ తర్వాతి ఎండాకాలం, ఒక మధ్యాహ్నం, భోంచేయకుండానే పడుకున్న మా అత్తమ్మ లేవలేదు. ఆమెకు షుగర్ ఉంది. ఒళ్లంతా చెమటతో తడిసి చల్లగా ఉంది. గల్లీలో సూదులు వేసే ఆయన వచ్చి చెయ్యి పట్టుకుని చూశాడు, కనురెప్ప ఎత్తి చూశాడు, తల అడ్డంగా ఊపాడు. ఏడుపులు మొదలయ్యాయి. గంట తిరక్కుండానే మా బావ, అంటే నా భర్త అన్న, ఐసు పెట్టె తెప్పించాడు. వాకిట్లో దానికి కరెంటు ఇచ్చారు. అది గుర్రుమంటుంటే ఏడ్చేవాళ్లు గొంతు పెంచాల్సి వచ్చింది. రాజవ్వ వచ్చింది. అత్తమ్మ వేలికి దారం చుట్టి, "ఉన్నవా, భూమవ్వా?" అని అడిగింది.

రెండు బీడీల సేపు గడిచింది. మూడోదీ గడిచింది. రాజవ్వ కదల్లేదు.

"కట్టు అవ్వా, పెట్టె సల్లగైంది," అన్నాడు బావ.

ఆమె తల ఎత్తలేదు. "సుజాతా, గిట్ల రా. కండ్లు మూసుకొని పట్టు."

పట్టాను. చల్లగానే ఉంది. కానీ దారానికి అవతల వేలి కొన ఉబ్బి, బిగువుగా తగిలింది. ఎండిన ఆకు కాదు అది. కళ్లు తెరిచి చూస్తే ఆ వేలి కొన నేరేడు పండు రంగులో ఉంది, రెండో కాలి వేలు పాలిపోయి ఉంది.

"నెత్తురు నడుస్తుంటెనే ముడికాడ ఆగుతది," అంది రాజవ్వ మెల్లగా.

"ముసల్దానికి మతి వోయింది!" అని బావ అరిచాడు. ఆయన ముందు నేనెప్పుడూ ఒక్క మాటైనా నిండుగా మాట్లాడి ఎరగను. నా మాట తప్పయితే బతికినంత కాలం గల్లీలో తలెత్తుకోలేను. నోరు మూసుకుంటే అత్తమ్మను ఆ పెట్టెలో పెట్టి మూత వేస్తారు. లేచి నిలబడ్డాను. "అత్తమ్మ ఉన్నది. పెట్టెల పెట్టద్దు. అంబులెన్సు పిలువుండ్రి."

ఆసుపత్రిలో గ్లూకోజు ఎక్కించారు. సాయంత్రానికి అత్తమ్మ కళ్లు తెరిచింది. షుగర్ పూర్తిగా పడిపోయిందని, ఆ పెట్టెలో పెట్టి ఉంటే మిగిలేది కాదని డాక్టరమ్మ చెప్పింది. మా అత్తమ్మ ఆ తర్వాత నాలుగేళ్లు బతికి, నా వంటకు తృప్తిగా వంకలు పెట్టింది.

కానీ పదోరోజున, జావ తాగుతూ ఆమె అన్న మాట నేను మరిచిపోలేను. "నన్నెవలో ఉన్నవా అని అడిగిండ్రే. ఉన్న అన్న. రెండుసార్లన్న. ఎవ్వలకు ఇనవడలే."

గోడవతలికి వెళ్లి రాజవ్వకు చెప్పాను. ఆమె చేతిలోని బీడీ విచ్చుకుని తంబాకు ఒళ్లో రాలింది. ఆమె భయపడటం నేను చూసింది అదొక్కసారే. రాలిన తంబాకును వేళ్లతో ఏరుతూ అంది. "ఇంతకుముందు ఎందరు ఉన్న అన్నరో బిడ్డా."

ఆమె తన అరచేతులు తిప్పి చూసుకుని, క్యాలెండర్ దేవుడి వైపు చూపించింది. "నాకిచ్చినయి ఏళ్లు. చెవులు ఆయనకాడనే ఉన్నయ్. నాకియ్యనిదాని లెక్క ఆయనే సూస్కుంటడు." అలా అని మళ్లీ ఆకు అందుకుంది. ఆ రోజు నుంచి నాకేమీ రాదని నేను ఏడవలేదు.

రాజవ్వ ఒక పగటిపూట, చాట ముందే ఒరిగిపోయింది. దారం కట్టడానికి నన్ను పిలిచారు. కుడివేలికి చుట్టి, "ఉన్నవా అవ్వా?" అని అడిగాను. రెండు బీడీల సేపు చూశాను, నాలుగు బీడీల సేపు చూశాను. వెనక ఎవరో తొందర చేస్తే మా బావే కసిరాడు. "ఆగుండ్రి. ఆమెను సూడనియ్యుండ్రి." వేలు తెల్లగానే ఉండిపోయింది. ఏడుస్తూనే ముడి వేశాను. అది జారలేదు.

ఇప్పుడు మా గల్లీలో ఎవరు పోయినా నాకే కబురు వస్తుంది. ఎన్నో పాదాలు పట్టుకున్నాను. ఒక్క వేలూ రంగు మారలేదు. అయినా ప్రతిసారీ పేరు పెట్టి అడుగుతాను. ఏ జవాబూ నాకు వినపడదు. వినే ఆయన ఉన్నాడనుకుని, దారం పట్టుకుని, వేలినే చూస్తూ కూర్చుంటాను.